వజూ నీళ్ళు

“మా ఆడవాళ్ళకి నీళ్ళు మోయడమంటే పాట పాడుకున్నంత ఇష్టం” అని మా ఆయన అబకార్ అతిథులకి చెబుతుంటాడు. ఊరు చూడటానికి వచ్చిన పరదేశీలని వెంటేసుకుని సందుల్లో తిప్పడం అతని పని. నేను కోటలోని వాననీటి తొట్టి దగ్గర్నుంచి కడవ ఎత్తుకుని వచ్చే వేళకి సరిగ్గా మా సందు మెట్ల దగ్గర వాళ్ళని నిలబెడతాడు. “ఆ మెడ చూడండి, ఎలా నిలిపిందో. ఆ నడక చూడండి. తరతరాలుగా మా వాళ్ళది ఇదే నడక” అంటాడు. వాళ్ళు చూస్తారు. తల మీద నిండు కడవ ఉన్న మనిషికి ఎవరి వైపూ తల తిప్పడం కుదరదు. తల తిప్పలేని మనిషిని ఎంతసేపైనా చూడొచ్చు. నవ్వమని అతను కళ్ళతో సైగ చేస్తాడు. మెడ నరం చెవి దాకా పీకుతూ ఉంటుంది. నేను నవ్వుతాను. నవ్వకపోతే సాయంత్రం అన్నం దగ్గర దానికి వేరే లెక్క ఉంటుంది.

అది మట్టి కడవ. అందరిలా నేనూ పసుపుపచ్చ ప్లాస్టిక్ డబ్బాతోనే తెచ్చుకునేదాన్ని. డబ్బాకి మూత ఉంటుంది, ఒలకదు, జారిపడితే పగలదు. “ఫొటోలో ఆ డబ్బా దరిద్రంగా ఉంటుంది అన్షా” అని మా ఆయన సముద్రానికి అవతలి గడ్డ మీద సంతకి వెళ్ళి ఈ కడవ కొనుక్కొచ్చాడు. ఖాళీగా ఉన్నప్పుడే అది చంటిబిడ్డంత బరువు. అతిథులు వచ్చే రోజుల్లో డబ్బాలన్నీ పెరటి గోడ వెనక దాచాలి. అతిథులు రాని రోజుల్లో నేను ఏ డబ్బాతో, ఎలా వంగి, ఎన్నిసార్లు ఆగి నడిచినా ఎవరికీ పట్టదు.

మాది మొజాంబిక్ దీవి. పోర్చుగీసు దొరలు పోయారు గానీ వాళ్ళు కట్టిన మేడలు పోలేదు, ఇప్పుడు పోనివ్వరు కూడా. ఉత్తరాన రాతిపేట, దక్షిణాన మా ఆకుపేట. ఆ మేడలకి కావలసిన రాళ్ళు మా నేలలోంచే తవ్వి తీశారు. తీసిన గుంటల్లో మా వాళ్ళు కొబ్బరాకు కప్పుల ఇళ్ళు వేసుకున్నారు. అందుకే రోడ్డు మీద నిలబడినవాళ్ళు మమ్మల్ని ఎప్పుడు చూసినా పైనుంచి కిందికే చూస్తారు. దీవిలో ఎక్కడ తవ్వినా ఉప్పు నీళ్ళే. మేడలు కట్టినవాళ్ళకి ఆ సంగతి తెలుసు. పైన చదును కప్పు, గోడ లోపల గొట్టం, నేల కింద తొట్టి. పడిన ప్రతి చినుకూ వాళ్ళ కాళ్ళ కిందికి చేరుతుంది. ఇప్పుడా మేడలు కొన్నవాళ్ళు ఏడాదికోసారి వచ్చి పోతారు. మిగతా రోజులు తాళం. కడవతో ఆ గోడల నీడన నడుస్తుంటే రాతి చలవ అరికాళ్ళకి తగులుతుంది. తలుపు తాళం వేసినవాడికి గుర్తుందో లేదో గానీ లోపల నీళ్ళున్నాయని నా కాలికి తెలుసు. మా ఆకు కప్పు మీద పడిన వాన మాత్రం ఆకు కుళ్ళు కలిసి గోధుమరంగులో కారుతుంది. మేకలు కూడా మూతి పెట్టవు.

ఈ ఇల్లు నాది. మా మకువా వాళ్ళలో ఇల్లు తల్లి నుంచి కూతురికి వస్తుంది, మగవాడే పెళ్ళి చేసుకుని భార్య ఇంటికి వస్తాడు. మా అమ్మమ్మది మా అమ్మకి వచ్చింది, మా అమ్మది నాకు. అబకార్ కూడా అలా వచ్చినవాడే. వచ్చిన కొత్తలో గుమ్మం దాటేముందు ఒకసారి దగ్గేవాడు. ఆ దగ్గు ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించలేదు. ఇప్పుడు అతిథులకి గోడ మీద చెయ్యి వేసి “ఇది మా తాతల నాటి ఇల్లు” అంటాడు. పక్కనే రాయి మీద ముసీరో చెక్క అరగదీస్తూ నేను వింటుంటాను. ఏ తాత? అతని తాత అవతలి గడ్డ మీద జీడితోటలో కూలికి వెళ్ళేవాడు. ఈ గోడకి సున్నం మెత్తింది మా అమ్మమ్మ. కూలి పనిలో తప్పు లేదు, అల్లా అందరికీ అన్నం పెట్టే దారి ఒక్కటే కాదు. కానీ మా అమ్మమ్మ చేతుల్ని తీసుకెళ్ళి అతని తాతకి తగిలిస్తుంటే నా చేతిలో చెక్క రాయి మీద ఇంకాస్త గట్టిగా పడుతుంది.

అతని తల్లి రెహేమా అత్తకి ఆడపిల్లలు లేరు. తన ఇంటి కప్పు కూలాక ఆమె కూడా మా ఇంటికే చేరింది. ముసలితనం, పాపం, ఎక్కడికి పోతుంది. ఆమె వచ్చినందుకు నాకు బాధ లేదు. పొద్దున్నే లేచి “ఈ ఇంట్లో నీళ్ళు ఎప్పుడూ ఇంతేనా?” అని నన్ను అడుగుతుంది, సముద్రాన్ని నేనే ఉప్పగా చేసినట్టు.

ఆకు తీసి రేకులు వేద్దామని నేను చాలా కాలంగా అంటున్నాను. రేకుల అంచున గొట్టం పెట్టి పెరట్లో తొట్టి కట్టుకుంటే వానాకాలం నీళ్ళు ఎండాకాలం సగం దాకా వస్తాయి. పడవ నడిపే మా అన్న షాబానె కూడా “చెల్లీ, నువ్వు ఊఁ అను, రేకులు నేను తెచ్చి దింపుతా” అన్నాడు. మా ఆయన మాత్రం చెంచా కింద పెట్టేశాడు.

“రేకుల ఇల్లు చూడ్డానికి ఎవడొస్తాడే? వాళ్ళ ఊళ్ళో రేకులు లేవా?”

“చూడ్డానికి రాకపోతే పోనీ. మనం ఉండటానికి కదా ఇల్లు.”

“నీకు చెప్పినా అర్థం కాదు. ఇది వారసత్వం.”

ఆ మాట అతను పాత ఇళ్ళని కాపాడే ఆఫీసు మనుషుల దగ్గర నేర్చుకున్నాడు. ఒకసారి వాళ్ళలో ఒక అబ్బాయి మా ఇంటికి వచ్చాడు, మంచివాడే. చాప మీద కూర్చుని టీ తాగి, “ఈ ఇల్లు మీది మాత్రమే కాదమ్మా, మానవాళి అందరిదీ” అన్నాడు. “అయితే బాబూ, మానవాళిని ఒక పూట వచ్చి నీళ్ళు మోసి పెట్టమను” అన్నాను. అతను నవ్వాడు. రేకులు వేస్తే నేరమా అని అడిగాను. నేరమని కాదు, వద్దని కోరుతున్నాం అన్నాడు. కోరేవాళ్ళు కోరతారు, ఇచ్చేవాళ్ళు ఇస్తారు. అతను వెళ్ళాక మా ఆయన తలుపు దగ్గరికి వేసి, “చదువుకున్నవాళ్ళ ముందు నోరు మూసుకోవడం మీ అమ్మ నేర్పలేదా?” అన్నాడు. మా అమ్మ ఇంట్లో కూర్చుని మా అమ్మని అన్నాడు.

ఎండాకాలంలో మసీదు తొట్టి ఎండిపోతుంది. నమాజుకి ముందు కడుక్కునే వజూ ఇంటి దగ్గరే చేసుకుని రండి అని చెప్పేస్తారు. అంటే మగవాళ్ళ చేతులు, ముఖాలు, కాళ్ళు శుభ్రమయ్యే భారం కూడా మా నెత్తిన పడుతుందన్నమాట. వీధి కొళాయి వస్తే వస్తుంది, లేకపోతే లేదు. కోట తొట్టికి పోవాలంటే దీవి ఈ కొస నుంచి ఆ కొసకి నడక. తెల్లవారుజామున కావలివాడు తలుపు తీసేసరికి వరుసలో అందరం ఆడవాళ్ళమే. మా పక్కింటి మునీరా అక్కడ నిలబడి ఒకసారి, “ఈ కోట ఇంత దూరాన ఎందుకు కట్టారో తెలుసా? శత్రువుల కోసం కాదు, మన నడుముల కొలత చూసుకుని కట్టారు” అంది. ఇంకొకామె, “శత్రువు మన ఇంట్లోనే పడుకుని గుర్రు పెడుతుంటే కోట ఎందుకే” అంది. అందరం నవ్వాం. ఆ వరుసలో నిలబడ్డప్పుడు నవ్వే నవ్వు కడవ ఎత్తుకున్నాక నోటి దాకా రాదు.

తెచ్చిన నీళ్ళు ఇంట్లో ఎలా పోతాయో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. మొదట మా ఆయన వజూకి. అతను కాళ్ళు తీరిగ్గా కడుగుతాడు, వేళ్ళ సందులు ఒక్కొక్కటీ, నీళ్ళు పోసే చెయ్యి ఆగే దాకా ఆగడు. తర్వాత అత్తకి. తర్వాత టీ, వంట, అతిథులు చేతులు కడుక్కోవడానికి, నేను ముసీరో అరగదీయడానికి. ముసీరో అంటే ఒక చెక్క. రాతి మీద నీళ్ళు చల్లి అరగదీస్తే గంధంలా తెల్లగా దిగుతుంది. మేము ఆడపిల్లలుగా ఉన్నప్పుడు తీరిక వేళ ముఖానికి రాసుకుని, ఒకరినొకరం చూసి నవ్వుకుని, నమాజుకి ముందు కడిగేసుకునేవాళ్ళం. ఇప్పుడది ఉద్యోగమైపోయింది. అతిథులు ఉన్నంతసేపూ నా ముఖం తెల్లగా ఉండాలి. “కడిగావంటే మళ్ళీ రాసుకోవాలి, ఎందుకు రెండు పనులు” అంటాడు. ముఖం మీద పూత ఉంటే నీళ్ళు చర్మానికి తగలవు. తగలకపోతే వజూ కాదు. ఆ సంగతి అతనికి నాకంటే బాగా తెలుసు.

అందరివీ అయ్యాక అడుగున మిగిలిన నీళ్ళతో రాత్రి అన్నం వండాలి. అలా ఏళ్ళుగా నేను మట్టితోనే నమాజు చదువుతున్నాను. తడి గుడ్డతో పూత తుడుచుకుని, పెరటి గోడ దుమ్ము మీద రెండు చేతులూ తట్టి, ముఖానికీ చేతులకీ రాసుకుని నిలబడతాను. నీళ్ళు దొరకని వాళ్ళకి అల్లా ఇచ్చిన వెసులుబాటు అది, తయమ్ముం. ఎడారిలో బాటసారికి ఇచ్చాడు. మంచం పట్టిన రోగికి ఇచ్చాడు. గోడ మీద చెయ్యి తట్టినప్పుడల్లా నాకు ఒక సందేహం వచ్చేది. నేను బాటసారినా? రోగినా? ఇంట్లోకి నీళ్ళు తెచ్చిందే నేను కదా. కానీ మొగుడికీ అత్తకీ ఇచ్చేసి నేను మట్టితో సరిపెట్టుకుంటున్నాను కాబట్టి అల్లా దగ్గర నాకు కొంచెం ఎక్కువే ఉంటుందేమో అని కూడా అనుకునేదాన్ని. ఆ మాట బయటికి అనలేదు గానీ దాని మీదే బతికాను.

శుక్రవారం మధ్యాహ్నాలు ఆడవాళ్ళకి ఖురాను చెప్పే సఫూరా బీబీ ఇంటికి వెళ్తాను. ఆమె పెద్దది, మాట కరుకు, తప్పు చదివితే దువ్వెనతో మోకాలి మీద కొడుతుంది. ఆ శుక్రవారం అందరూ లేచి వెళ్ళాక నా సందేహం అడిగాను. ఆమె తమలపాకు నములుతూ విన్నది.

“నువ్వు ఇచ్చేసే వేళకి నమాజుకి పిలిచే బాంగు అయిపోతుందా?”

“అయిపోతుంది బీబీ. బాంగు విన్నాకే ఆయన పోయమంటాడు.”

“ఆయనకి దాహమా?”

“కాదు. వజూకే.”

“మళ్ళీ వెళ్ళి తెచ్చుకోవచ్చు కదా నువ్వు.”

“వెళ్ళి వచ్చేసరికి వేళ దాటిపోతుంది బీబీ.”

ఆమె ఉమ్మి వచ్చి కూర్చుంది. “విను. దాహంతో ఉన్నవాడికి నీ నీళ్ళు ఇవ్వు, పుణ్యం. ఆకలితో ఉన్నవాడికి నీ కూడు ఇవ్వు, పుణ్యం. కానీ నమాజు వేళ అయ్యాక, నువ్వు వజూ చేసుకోవాల్సిన నీళ్ళు ఇంకొకరి వజూకి ఇవ్వడం నీకు లేదు. అలా రాసిన పుస్తకాలు మన పెద్దలు చదివారు, నేనూ చదివాను. నీ అన్నం నీ సొంతం, దానం చేసుకో. అల్లా ముందు నిలబడటం నీ సొంతం కాదు, అది నీ మీద ఆయనకున్న బాకీ. దాన్ని ఎలా దానం చేస్తావే?”

“మరి నేను త్యాగం చేస్తున్నాననుకున్నాను.”

“అనుకుంటావు. అలా అనుకునేటట్టే పెంచారు మనల్ని. గడిచినవి అల్లాకి వదిలెయ్, ఆయన కరుణ పెద్దది. ఇక మీదట చెయ్యకు.”

ఆమె అలా చెప్పి అరుగు ఊడ్చుకోవడానికి లేచింది. నేను ఇంటికి నడిచాను. దారంతా నాకు ఏడుపు రాలేదు, కోపం కూడా రాలేదు. బంగారమనుకుని దాచుకున్న ఒకే ఒక్క నగ ఇత్తడిదని కంసాలి చెప్పినట్టు ఉంది. ఇంత కాలం ఓర్పు అనుకున్నదానికి అల్లా దగ్గర అసలు పేరే లేదు. మరి ఎవరి దగ్గర ఉంది దానికి పేరు? మా అత్త దగ్గర ఉంది. మా ఆయన దగ్గర ఉంది. అతిథుల ఫొటోల్లో ఉంది.

ఆ తర్వాతి వారంలో దీవి గురించి పెద్ద బొమ్మల పుస్తకం వేస్తున్నవాళ్ళు వచ్చారు. తెల్లజుట్టు ఆవిడ ఒకామె, ఆమె చేతిలో కెమెరా, వెనక వెలుగు పట్టే తెల్ల గుడ్డ మోసే మనుషులు. మా ఆయన ముందు రోజే సందు అంతా ఊడిపించాడు, అంటే నాతో ఊడిపించాడు. సముద్రం ఒడ్డున ఏరిన ఆకుతో, జీడిపప్పూ కొబ్బరిపాలూ వేసి మతాపా వండించాడు. కట్టుకోవడానికి కొత్త కపులానా బట్ట తెచ్చాడు, అద్దెకి, సాయంత్రం తిరిగి ఇచ్చేయాలట. ముసీరో ముఖానికి మందంగా రాయమన్నాడు. “పలచగా ఉంటే జబ్బు మనిషిలా కనబడతావు.”

వాళ్ళు వంటని ఫొటో తీశారు, చాపని తీశారు, ఆకు కప్పుని తీశారు. మా అత్తని తీస్తామంటే ఆమె పళ్ళ సెట్టు కోసం లోపలికి పరిగెత్తింది. సాయంత్రపు ఎండ గోడ మీద పచ్చగా పడుతోంది. అప్పుడు మా ఆయనకి ఒక ఆలోచన వచ్చింది.

“భర్త వజూ చేసుకుంటుంటే భార్య కడవతో నీళ్ళు పోయడం. పాతకాలపు పద్ధతి. ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు మేడమ్” అన్నాడు.

ఆవిడకి నచ్చింది. అతను పీట వేసుకుని కూర్చున్నాడు. నేను వంగి పోశాను. పొద్దున నేను మోసుకొచ్చిన నీళ్ళే. చేతులు కడిగాడు, పుక్కిలించాడు, ముఖం, మోచేతుల దాకా, తల తడుపుకుని, కాళ్ళు. ఎప్పుడూ లేనంత భక్తిగా కళ్ళు మూసుకున్నాడు. నీళ్ళు ఇసుకలోకి పోయాయి. ఆవిడ ఏదో అంది.

“ఇంకోసారి చెయ్యమంటోంది. వెలుగు సరిగా పడలేదట.”

మళ్ళీ పోశాను. మళ్ళీ చేతులు, ముఖం, కాళ్ళు. శుభ్రంగా ఉన్న కాళ్ళు. నా నడుము వంగే ఉంది. అంతలో మసీదు నుంచి సాయంత్రపు నమాజుకి అసర్ బాంగు వినపడింది. ఆవిడ కెమెరా దించి వింది, ఎంత బాగుందో అన్నట్టు గుండెల మీద చెయ్యి వేసుకుంది.

“ఇంకొక్కసారి. ఈసారి నువ్వు కిందికి చూడకు, నా వైపు చూడు. ప్రేమగా చూడు” అన్నాడు మా ఆయన మా భాషలో, పళ్ళ మధ్య నుంచి.

కడవ ఊపి చూశాను. అడుగున తేలిగ్గా చప్పుడయింది. అతని వజూ ఎప్పుడో అయిపోయింది. రెండుసార్లు అయిపోయింది. ఇప్పుడు చేస్తున్నది వజూ కూడా కాదు, దాని బొమ్మ. ఆ బొమ్మ కోసం నేను మళ్ళీ పెరటి గోడ దగ్గరికి పోవాలి.

“పొయ్యవేం?”

“వేళయింది” అన్నాను.

“ఏం వేళ?”

కడవ తీసుకుని రెండడుగులు పక్కకి జరిగి చతికిలబడ్డాను. బిస్మిల్లా అనుకుని నా చేతుల మీద పోసుకున్నాను. తర్వాత ముఖం. పూత మందంగా ఉంది, గోళ్ళతో రుద్దాల్సి వచ్చింది. తెల్లటి నీళ్ళు మోచేతుల మీదుగా అద్దె బట్ట మీద కారాయి. చుక్క చుక్క లెక్క చూసుకుంటూ చేతులు కడిగాను, తల తడుపుకున్నాను, కాళ్ళు కడిగాను. సరిపోయాయి. ఒక్క మనిషి వజూకి ఎంత కొద్ది నీళ్ళు చాలో నేను మరిచిపోయాను.

తెల్లజుట్టు ఆవిడ ఏమిటని అడిగింది. మా ఆయన తడి కాళ్ళు తుడుచుకున్నాడు. ఊళ్ళో ఏ రాయి గురించి అడిగినా క్షణం ఆలస్యం చెయ్యని మనిషి. చివరికి “ఇది కూడా మా సంప్రదాయమే” అన్నాడు. ఆవిడ కెమెరా ఎత్తింది. నేను లేచి లోపలికి పోయి తెర దించుకున్నాను.

అతిథులు వెళ్ళాక అతను గుమ్మంలో నిలబడ్డాడు.

“పది మందిలో నా ముఖాన ఉమ్మావు.”

“నా ముఖం నేను కడుక్కున్నాను.”

“వాళ్ళు ఏమనుకుని ఉంటారు?”

“అనుకోవడానికి వాళ్ళకి నువ్వే కదా చెప్పావు, సంప్రదాయమని.”

మా అత్త మంచం మీంచి అందుకుంది. “మొగుడి వజూకి నీళ్ళు పోస్తే చుక్కకో పుణ్యం. మీ మామ పోయేదాకా నేను పోశాను. ఒక్క పూట తప్పలేదు.”

“నీకెవరు పోశారత్తా?”

“నాకెవరు పోస్తారే, వెర్రిదానా” అంది.

మా ఆయన చెయ్యి ఎత్తలేదు. ఎత్తే మనిషి కాదు, ఆ మాట ఉన్నది ఉన్నట్టే చెప్పాలి. అతను చేసేది వేరే. నెల రోజులు మాట్లాడకుండా ఉండగలడు. నేను ఇంట్లో లేనట్టు నా పక్కనుంచి నడవగలడు. ఆ మౌనానికి భయపడే ఇన్నాళ్ళూ తప్పు ఎవరిదైనా నేనే అతని కాళ్ళ దగ్గర కూర్చునేదాన్ని. ఆ రోజు కూర్చోలేదు. మతాపా గిన్నె అతని ముందు పెట్టి, నిలబడే చెప్పాను.

“వానలు మొదలయ్యే లోపల రేకులు వేయిస్తున్నాను. అన్నకి కబురు పంపాను.”

“ఎవర్ని అడిగి?”

“ఎవర్ని అడగాలి?”

ఆ ప్రశ్నకి జవాబు అతనికి తెలుసు. మా వాళ్ళలో ఏ పిల్లాడికైనా తెలుసు. అడగాల్సింది మా అమ్మని, ఆమె లేదు కాబట్టి మా అన్నని, ఇంటి తరఫున. మొగుడి పేరు అందులో ఎక్కడా రాదు. అతను గిన్నె జరిపేశాడు. “రేకు ఎక్కిన రోజు నేను ఈ ఇల్లు దిగిపోతా. అప్పుడు తెలుస్తుంది నీకు, మగదిక్కు లేకుండా ఎలా ఉంటుందో.”

ఈ మాట అతను ఇదివరకూ అన్నాడు, వేరే వేరే కారణాలకి. అన్నప్పుడల్లా గిన్నె మళ్ళీ అతని ముందుకి జరిపి బతిమాలేదాన్ని. మొగుడు వదిలేశాడని మునీరా అంటుందని, వరుసలో వెనక నిలబడాలని, ఏవేవో. ఈసారి జరపలేదు. వెళ్ళిపోమని కూడా అనిపించలేదు, అది నిజం. ఉంటే ఉండనీ అనిపించింది. మనిషి చెడ్డవాడు కాడు, చెడగొట్టింది నా చేతులే కొంత. కానీ ఉండటం కోసం నేను ఇక దేన్నీ పోయను అనిపించింది.

“నీ ఇష్టం” అన్నాను. గిన్నె మీద మూత పెట్టాను.

మర్నాడు నేను అందరికంటే ముందు లేచాను. చిన్న డబ్బా తీసుకుని కోటకి వెళ్ళి వచ్చాను. తేలికగా ఉంది నడక. చూడటానికి దారిలో ఎవరూ లేరు, ఉన్నా చెప్పుకోదగ్గ నడక కాదు, చెయ్యి ఊపుకుంటూ నడిచాను. ఇంటికి వచ్చి అత్తని లేపి ఆమె చేతుల మీద పోశాను. ముసలి మనిషి, ఆమె నడవలేదు. “వాడికో?” అంది. నేను ఆమె మోచేతుల మీదికి డబ్బా వంచాను. “సరే, మీ గొడవ మీది, నా కాళ్ళ మీద ఇంకాస్త పొయ్యి” అంది. మిగిలినవి నేను తీసుకున్నాను. ముఖం, చేతులు, కాళ్ళు. డబ్బా బోర్లించి గోడకి ఆనించాక అతన్ని లేపాను. ఇంకా బాంగు కాలేదు.

అతను కళ్ళు నులుముకుంటూ పీట దగ్గరికి వచ్చాడు. డబ్బా చూశాడు. పెద్ద డబ్బాలు చూశాడు. కడవ చూశాడు.

“నీళ్ళేవి?”

“నావి అయిపోయాయి.”

“నా వజూకి?”

నేను నమాజుకి జానిమాజు చాప పరుచుకుంటున్నాను. అతను ఏదో గొణిగి, పెరటి గోడ వైపు నడిచాడు. దుమ్ము మీద చెయ్యి తట్టబోయాడు.

“అది నీకు చెల్లదు” అన్నాను.

అతను వెనక్కి తిరిగాడు. చీకట్లో ముఖం కనపడలేదు.

“నీళ్ళు ఎక్కడున్నాయో తెలిసి, నడిచి తెచ్చుకోగలిగే ఓపిక ఉండి, వేళ కూడా ఉన్నవాడికి మట్టి చెల్లదు. కోట తలుపు తీసే ఉంది. అందుకే నిన్ను ఇంత ముందు లేపాను.”